బాదం మిక్స్, రోజ్ మిల్క్ పొడి, రాగి మాల్ట్: అమెరికాకు తెప్పించుకుని అమ్మాలంటే ఏం చేయాలి?

విజయవాడలోనో వరంగల్‌లోనో మీకు తెలిసినవాళ్లు బాదం మిక్స్ బాగా చేస్తారు. మీరు డాలస్ పక్కనో న్యూజెర్సీలోనో ఉంటున్నారు. దగ్గర్లోని ఇండియన్ స్టోరువాళ్లు "తెప్పిస్తే పెట్టుకుంటాం" అన్నారు. ఇంతవరకూ వచ్చాక చాలామంది ఇండియాలో అమ్మే ప్యాకెట్‌నే పెట్టెల్లో సర్దించి ఓడ ఎక్కిస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను. రోజ్ మిల్క్ పొడి రేవులో ఆగిపోయింది. రుచిలో లోపం లేదు, శుభ్రతలో లోపం లేదు. పదార్థాల జాబితా చివర చిన్న అక్షరాల్లో "ఐఎన్‌ఎస్ 122" అని ఉంది. ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే రంగుల్లాంటి వాటికి ఇచ్చే అంతర్జాతీయ నంబరు, 122 ఒక కృత్రిమ ఎరుపు రంగు. ఆ రంగును అమెరికాలో తినే వస్తువుల్లో వాడకూడదు. అది పొడిలో కలిసిపోయిన రంగు కాబట్టి స్టిక్కరు మార్చి సరిదిద్దే వీలు లేకపోయింది. సరుకంతా ధ్వంసం చేయించాల్సి వచ్చింది.

అప్పటినుంచి నేను పాటిస్తున్న వరుస వేరు. లేబుల్ పని డిజైనర్ దగ్గర మొదలవదు, రెసిపీ దగ్గర మొదలవుతుంది. కింద చెప్పేవన్నీ ఆ వరుసలోనే చేయండి. డబ్బు ఖర్చయ్యే పనులు దాదాపు అన్నీ చివర్లో ఉన్నాయి, అది మీకే మేలు.

ముందు రెసిపీ కాగితం తెప్పించుకోండి

తయారుచేసేవాళ్లను 100 కిలోల బ్యాచ్‌కు ఏ పదార్థం ఎన్ని కిలోలు పడుతుందో రాసి పంపమని అడగండి. బయట కొనే ప్రతి పదార్థానికీ, అంటే ఎసెన్స్, రంగు, మాల్టోడెక్స్‌ట్రిన్, గడ్డకట్టకుండా కలిపే పొడి, వీటన్నిటికీ సరఫరాదారు ఇచ్చే స్పెసిఫికేషన్ కాగితం కూడా కావాలి. "రెసిపీ బయటికివ్వం" అంటే రహస్యంగా ఉంచుతానని ఒప్పందం రాసివ్వండి. అయినా ఇవ్వకపోతే ఆ సరుకు వదిలేయండి. లోపల ఏముందో తెలియకుండా దిగుమతి చేస్తే జవాబుదారీ మీరే అవుతారు.

కాగితం చేతికొచ్చాక మొదట చూడాల్సింది రంగు. ఎక్కువ సరుకు దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇండియాలో అనుమతి ఉన్న కృత్రిమ రంగుల్లో కార్మోయిసిన్ అంటే ఐఎన్‌ఎస్ 122, పాన్సో 4ఆర్ అంటే ఐఎన్‌ఎస్ 124. ఈ రెంటికీ అమెరికాలో అనుమతి లేదు. రోజ్ మిల్క్, స్ట్రాబెర్రీ పొడుల్లో తరచూ కనిపించేవి ఇవే. ఎరిత్రోసిన్‌ను అమెరికాలో రెడ్ నంబర్ 3 అంటారు. దానికిచ్చిన అనుమతిని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో రద్దు చేసింది. తయారీదారులు రెసిపీ మార్చుకోవడానికి 2027 జనవరి 15 దాకా గడువిచ్చింది. కొత్తగా మొదలుపెడుతున్న మీరు దాని జోలికే వెళ్లకండి.

బాదం మిక్స్‌లో పసుపు ఛాయ ఇచ్చేది సాధారణంగా టార్ట్రజిన్, ఐఎన్‌ఎస్ 102. దీనికి అమెరికాలో ఎల్లో నంబర్ 5 అన్న పేరుతో అనుమతి ఉంది. సన్‌సెట్ ఎల్లో, అంటే ఐఎన్‌ఎస్ 110, ఎల్లో నంబర్ 6 అవుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. ఈ కృత్రిమ రంగుల ప్రతి లాట్‌నూ, అంటే ఒక్కో విడతలో తయారైన సరుకునూ, ఎఫ్‌డీఏ పరీక్షించి ధ్రువీకరించి, ఆ లాట్‌కు ఒక నంబరు ఇచ్చి ఉండాలి. మార్కెట్లో మామూలుగా కొన్న టార్ట్రజిన్‌కు ఆ నంబరు ఉండదు. అది కలిసిన సరుకు చట్టం దృష్టిలో అనుమతి లేని రంగు కలిసిన సరుకే. రంగుల విషయంలో పట్టుబడ్డ తయారీదారుల పేర్లు ఎఫ్‌డీఏ 45-02 అనే దిగుమతి హెచ్చరిక జాబితాలోకి ఎక్కుతాయి. ఒకసారి ఎక్కితే ఆ తర్వాత వచ్చే సరుకును తెరిచి చూడకుండానే ఆపేసే అధికారం అధికారులకు ఉంటుంది.

నా సలహా, కృత్రిమ రంగులే వద్దు. బాదం మిక్స్‌కు పసుపు, కుంకుమపువ్వు, రోజ్ మిల్క్‌కు బీట్‌రూట్ పొడి వాడించండి. వీటికి లాట్ ధ్రువీకరణ అక్కర్లేదు, లేబుల్ మీద పేరు రాస్తే చాలు. బీట్‌రూట్ రంగు వెలుగుకీ వేడికీ వెలిసిపోతుంది కాబట్టి లోపల వెండిపొర ఉన్న పౌచ్ వాడాలి. గులాబీ రంగు కొంచెం తగ్గుతుంది. అది భరించదగ్గ నష్టమే.

పసుపు, దాల్చినచెక్క లాంటి దినుసులు వాడేటప్పుడు సీసం పరీక్ష తప్పనిసరి అనుకోండి. పసుపులో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలపడం ఎప్పటినుంచో ఉన్న కల్తీ. 2023లో అమెరికాలో పిల్లలు తినే యాపిల్ ప్యూరీ పౌచ్‌లలో సీసం బయటపడినప్పుడు మూలం అందులో వాడిన దాల్చినచెక్కే అని తేలింది. మనం తెచ్చేది కూడా పిల్లలు పాలల్లో కలుపుకుని తాగే పొడే. బాదం, పిస్తా పలుకులకు అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్ష కూడా చేయించాలి. అమెరికాలో ఆహారానికి దాని హద్దు 20 పీపీబీ, అంటే వంద కోట్ల భాగాల్లో 20 భాగాలు. పొడి సరుకులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పెరగకపోయినా చావకుండా నెలల తరబడి ఉండగలదు, దానికి పరీక్ష వేరేగా ఉంటుంది.

పాలపొడి, పంచదార, స్వీట్‌నర్

మిక్స్‌లో పాలపొడి ఉంటే తీసేయించండి. ఇండియాలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి అక్కడి నుంచి వచ్చే పాల పదార్థాల మీద అమెరికా వ్యవసాయ శాఖ ఆంక్షలు, పర్మిట్లు ఉన్నాయి. అవికాక కొన్ని పాల పదార్థాలకు కోటాలు కూడా ఉన్నాయి. మొదటి సరుకుతోనే అందులో దిగడం తెలివైన పని కాదు. "వేడి పాలలో రెండు చెంచాలు కలుపుకోండి" అని రాస్తే సరిపోతుంది. మనవాళ్లు తాగేదీ అలాగే.

పంచదార కథ వేరు. బరువులో 10 శాతం మించి చెరకు పంచదార ఉన్న పొడి మిశ్రమాలు కొన్ని అమెరికాలో పంచదార కోటా కిందికి వస్తాయి. కోటా దాటితే సుంకం బాగా పెరుగుతుంది. మీ పొడి దేని కిందికి వస్తుందన్నది పదార్థాల నిష్పత్తినీ ప్యాకింగ్‌నీ బట్టి ఉంటుంది. కస్టమ్స్‌వాళ్లు సుంకం లెక్కకు వాడే కోడ్లలో, సాధారణంగా పానీయాల పొడులు 2106.90 శీర్షికలోకి, రాగి మాల్ట్ లాంటి పిండి ఆధారితమైనవి 1901.90లోకి, కోకో కలిస్తే 1806లోకి వస్తుంటాయి. ఊహతో వదిలేయకండి. అమెరికా కస్టమ్స్‌కు ఆన్‌లైన్‌లో రెసిపీ, ఫొటోలు పంపి "ఇది ఏ కోడ్‌లోకి వస్తుంది" అని అడిగితే రాతపూర్వకంగా రూలింగ్ ఇస్తారు. రుసుము లేదు, సాధారణంగా 30 రోజుల్లో వస్తుంది. అదివరకు ఇచ్చిన రూలింగ్‌లన్నీ క్రాస్ అనే ఉచిత డేటాబేస్‌లో వెతుక్కోవచ్చు. మీ పొడికి దగ్గరగా ఉన్నవి రెండు మూడు చదివితే సుంకం లెక్కమీద ఒక అవగాహన వస్తుంది. ఈమధ్య సుంకాలు తరచూ మారుతున్నాయి కాబట్టి ధర కట్టే రోజున రేటు మళ్లీ చూసుకోండి.

పంచదార లేని రకం తేవాలనుకుంటే ఒక జాగ్రత్త. స్టీవియా అనే తీపి ఆకు నుంచి తీసి శుద్ధిచేసిన సారానికి అభ్యంతరం లేదు. స్టీవియా ఆకు పొడిని గానీ ముడి సారాన్ని గానీ తీపి కోసం కలిపితే సరుకు ఆగుతుంది.

రిజిస్ట్రేషన్, సరఫరాదారు తనిఖీ

2002 నాటి బయోటెర్రరిజం చట్టం ప్రకారం, అమెరికాకు ఆహారం పంపే విదేశీ తయారీ కేంద్రం ఎఫ్‌డీఏ దగ్గర నమోదై ఉండాలి. నమోదు ఉచితం. ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ ఏదీ ఇవ్వదు, నంబరు మాత్రమే ఇస్తుంది. "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని సర్టిఫికెట్ చూపించి డబ్బు అడిగేవాళ్ల మాట నమ్మకండి. ప్యాకెట్ మీద కూడా ఆ ముక్క రాయించకండి. నమోదుకు డన్స్ నంబరు (వ్యాపార సంస్థను గుర్తించే నంబరు) ఉండాలి, అమెరికాలో నివసించే ఏజెంటు ఒకరు ఉండాలి. ఆ ఏజెంటు మీరే కావచ్చు. సరి సంఖ్య వచ్చే ప్రతి సంవత్సరం అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు దీన్ని పునరుద్ధరించాలి. మరిచిపోతే నమోదు రద్దవుతుంది, దాంతోపాటు ఓడలో ఉన్న సరుకూ ఇరుక్కుంటుంది.

తయారీదారుకు ఇండియాలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఇండియా ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు, ఎగుమతి చేసేవారి పేరిట ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) ఉండాలి. ఐఈసీని ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆన్‌లైన్‌లో సరిచూసి నిర్ధారించాలన్న సంగతి చిన్న తయారీదారులు మరిచిపోతుంటారు. సరుకు బయల్దేరే ముందు ఒకసారి అడగండి.

మీ వంతు బాధ్యత ఎఫ్‌ఎస్‌వీపీ, అంటే విదేశీ సరఫరాదారు తనిఖీ కార్యక్రమం. ఇది 2011 నాటి ఆహార భద్రతా ఆధునికీకరణ చట్టం నుంచి వచ్చింది. సరుకు సురక్షితంగా తయారవుతోందని రుజువు చేయాల్సింది ఇండియాలోని తయారీదారు ఒక్కరే కాదు, అమెరికాలో దిగుమతి చేసుకునే మీరు కూడా. ఒక ఫైలు పెట్టండి. పదార్థాల వల్ల రాగల ప్రమాదాలు ఏమిటి, వాటిని తయారీదారు ఎలా అదుపు చేస్తున్నారు, మీరు ఎలా సరిచూశారు, పరీక్షల నివేదికలు ఏమన్నాయి, ఇవన్నీ అందులో ఉండాలి. ఎఫ్‌డీఏ అడిగితే ఇంగ్లీషులో చూపించాలి, కనీసం 2 ఏళ్లు దాచాలి. చాలా చిన్న దిగుమతిదారులకు, అంటే ఆహార వ్యాపారం ఏడాదికి సగటున 10 లక్షల డాలర్ల లోపు ఉన్నవారికి, నిబంధనలు కొంత తేలిక. అప్పుడు తయారీదారు నుంచి రాతపూర్వక హామీ తీసుకుని రెండేళ్లకోసారి కొత్తది తీసుకోవాలి. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఆ హద్దు పెరుగుతుంటుంది.

తేలిక ఉన్నా సరే, ఊరెళ్లినప్పుడు ఒకరోజు ఆ యూనిట్‌లో కూర్చోండి. బాదం మిక్స్ పట్టే మిషన్‌లోనే నువ్వుల కారప్పొడి కూడా పడుతున్నారేమో, మధ్యలో ఎలా కడుగుతున్నారో చూడండి. అది ఏ కాగితంలోనూ కనిపించదు.

ప్యాకెట్ ముందు వైపు

ముందువైపు తప్పక ఉండాల్సినవి రెండే, పేరు, నికర బరువు.

పేరు ఇంగ్లీషులో, కొనేవాళ్లకు అది ఏ వస్తువో అర్థమయ్యేలా ఉండాలి. "బాదం మిక్స్" అన్న మాట బ్రాండు పేరులా ఉండనివ్వండి. దాని కింద "ఆల్మండ్ డ్రింక్ మిక్స్" అని ముందువైపు ఉన్న అతిపెద్ద అక్షరాల్లో కనీసం సగం సైజులో పెట్టండి. అసలు రుచి బాదం పలుకుల నుంచి కాకుండా ఎసెన్స్ నుంచి వస్తుంటే, "ఆర్టిఫిషియల్లీ ఫ్లేవర్డ్" అని పేరు పక్కనే రాయాలి. ఇండియా లేబుళ్ల మీద ఉండే "నేచర్ ఐడెంటికల్ ఫ్లేవర్" అనే వర్గం అమెరికాలో లేదు. ప్రయోగశాలలో తయారైంది కాబట్టి ఇక్కడ దాన్ని ఆర్టిఫిషియల్ అనే రాయాలి.

బరువు ముందువైపు అడుగు 30 శాతం భాగంలో, ఔన్సుల్లోనూ గ్రాముల్లోనూ ఉండాలి. ఒక ఔన్సు 28.35 గ్రాములు. 200 గ్రాముల ప్యాకెట్ అయితే "నెట్ వెయిట్ 7.05 ఔన్సులు, 200 గ్రాములు" అని ఇంగ్లీషులో వస్తుంది. అక్షరాల ఎత్తు ముందువైపు వైశాల్యాన్ని బట్టి మారుతుంది. పౌచ్ 12 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. దాదాపు 33 చదరపు అంగుళాలు. 25 నుంచి 100 చదరపు అంగుళాల మధ్య అయితే అక్షరం కనీసం 3/16 అంగుళం, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్లు ఉండాలి. డిజైనర్‌కు ఈ కొలత రాసిపెట్టండి, లేకపోతే అందం కోసం చిన్నది చేసేస్తారు.

ఇక మనకు ప్రత్యేకంగా వర్తించే సంగతి. ప్యాకెట్ మీద ముచ్చటగా తెలుగులో "బాదం పాలు" అని రాయించాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. అమెరికా నిబంధన ప్రకారం లేబుల్ మీద ఇంకో భాషలో ఏదైనా వివరం రాస్తే, తప్పనిసరి సమాచారమంతా ఆ భాషలోనూ ఇవ్వాలి. పదార్థాలు, పోషకాల పట్టిక, అలర్జీ హెచ్చరిక అన్నీ తెలుగులో కూడా రాయగలిగితే రాయండి, అంతకన్నా సంతోషం లేదు. చోటు లేకపోతే ఇంగ్లీషుతో సరిపెట్టుకోక తప్పదు.

వెనకవైపు

పదార్థాల జాబితా బరువు తగ్గే వరుసలో ఉండాలి. ఐఎన్‌ఎస్ నంబర్లు ఇక్కడ చెల్లవు, పేర్లు రాయాలి. 551 అంటే సిలికాన్ డయాక్సైడ్. "పర్మిటెడ్ సింథటిక్ కలర్" అన్న మాట కూడా చెల్లదు, ఏ రంగో పేరుతో చెప్పాలి.

జాబితా ముగిసిన వెంటనే అలర్జీ వరుస. పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు పీతల వర్గం, చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, ఇవి 2004 నాటి అలర్జీ లేబుల్ చట్టంలోని 8 వర్గాలు. నువ్వులు తొమ్మిదోదిగా 2023 జనవరి 1 నుంచి చేరాయి. చెట్టు గింజలు అని గంపగుత్తగా రాస్తే కుదరదు, బాదమా, జీడిపప్పా, పిస్తానా అని విడివిడిగా రాయాలి. రాగి మాల్ట్‌లో గోధుమ, సోయా, వేరుశనగ కలిపే ఇళ్లు, యూనిట్లు చాలా ఉన్నాయి. రెసిపీ కాగితంతో ఈ వరుసను ఒక్కొక్క పదం చొప్పున పోల్చుకోండి. ప్యాకెట్ మీద ఇంకెక్కడ తప్పు జరిగినా డబ్బుతో పోతుంది, ఇక్కడ తప్పు జరిగితే ఒక పిల్లవాడి ప్రాణం మీదికి రావచ్చు.

పోషకాల పట్టిక అమెరికా నమూనాలోనే ఉండాలి, ఇండియాలోలాగా 100 గ్రాములకు కాదు. పాలలో కలిపే పానీయాలకు ఒక వాడుక పరిమాణం 240 మిల్లీలీటర్లు. అంత పానీయం చేయడానికి ఎంత పొడి పడుతుందో అది ఒక సర్వింగ్. ఉదాహరణకు 20 గ్రాములు పడితే "2 టేబుల్ స్పూన్లు, 20 గ్రాములు" అని, 200 గ్రాముల ప్యాకెట్‌లో 10 సర్వింగులు అని వేయాలి. కలిపిన పంచదారకు ప్రత్యేకంగా ఒక గీత ఉంటుంది. 20 గ్రాముల్లో 14 గ్రాములు పంచదార అయితే, రోజువారీ విలువ 50 గ్రాములు కాబట్టి 28 శాతం అని రాయాలి. బెల్లం వాడినా అది కలిపిన చక్కెరగానే లెక్కకు వస్తుంది. "నో యాడెడ్ షుగర్, బెల్లంతో చేసినది" అని రాయడం తప్పు. విటమిన్ డి, కాల్షియం, ఇనుము, పొటాషియం కూడా పట్టికలో ఉండాలి. ప్రయోగశాలలో చేయించాలన్న నియమం లేదు, రెసిపీ నుంచి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. కాకపోతే అసలు సరుకులోని పంచదార రాసినదానికన్నా 20 శాతం మించకూడదు. అందుకే మొదటి బ్యాచ్‌కైనా ప్రయోగశాలలో చూపించమంటాను.

తర్వాత మీ సంస్థ పేరు, చిరునామా, ముందు "ఇంపోర్టెడ్ బై" అనో "డిస్ట్రిబ్యూటెడ్ బై" అనో. దాని పక్కనే "ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా". అమెరికా ఊరి పేరు లేబుల్ మీద ఉన్నప్పుడు, మూల దేశం పేరు దానికి దగ్గర్లో, దానికన్నా చిన్నది కాని అక్షరాల్లో ఉండాలి. దీన్ని కస్టమ్స్‌వాళ్లు చూస్తారు, ఎఫ్‌డీఏకు సంబంధం లేదు.

గడువు తేదీ ఇలాంటి పొడులకు ఫెడరల్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, కానీ స్టోరువాళ్లు లేకుండా తీసుకోరు. 04/05 అని వేస్తే అక్కడివాళ్లకు ఏప్రిల్ 5, మనకు మే 4. నెల పేరు అక్షరాల్లో వేయించండి. బ్యాచ్ నంబరు కచ్చితంగా ఉండాలి.

"ఇమ్యూనిటీ పెంచుతుంది" తరహా వాక్యాలు వీలైనంత వరకు వద్దు. "షుగర్ వ్యాధి ఉన్నవాళ్లకు మంచిది", "మోకాళ్ల నొప్పులు తగ్గుతాయి" లాంటివి అసలే వద్దు. జబ్బు పేరెత్తితే ఎఫ్‌డీఏ లెక్కలో అది మందు అవుతుంది. ఇది మీ వెబ్‌సైట్‌కూ వర్తిస్తుంది.

సరుకు కదిలించడం

కస్టమ్స్ బ్రోకరును, అంటే మీ తరఫున కస్టమ్స్ కాగితాల పని చేసేవారిని, ఆహార సరుకు చేసే అనుభవం చూసి పెట్టుకోండి. విలువ 2,500 డాలర్లు దాటితే ఫార్మల్ ఎంట్రీ (పూర్తిస్థాయి కస్టమ్స్ నమోదు), దానికి బాండు (సుంకాలు కడతామన్న హామీ పత్రం) కావాలి. 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉండే సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆగిపోయింది కాబట్టి చిన్న చిన్న పార్సెళ్లుగా తెప్పించుకుందామనే పాత ఉపాయం పనికిరాదు. ఓడలో వస్తుంటే, ఇండియాలో ఓడ ఎక్కించడానికి 24 గంటల ముందే ఐఎస్‌ఎఫ్ (దిగుమతిదారు ముందుగా ఇచ్చే సరుకు సమాచారం) వివరాలు కస్టమ్స్‌కు చేరాలి. చెక్క ప్యాలెట్లు వేడి శుద్ధి ముద్ర ఉన్నవే వాడమనండి.

ఎఫ్‌డీఏకు ముందస్తు సమాచారం విడిగా ఇవ్వాలి. సముద్రం మీద వచ్చే సరుకు చేరడానికి కనీసం 8 గంటల ముందు, విమానంలో అయితే 4 గంటల ముందు. తయారీ కేంద్రం రిజిస్ట్రేషన్ నంబరు, ఎఫ్‌డీఏ ఉత్పత్తి కోడ్ అందులో ఉంటాయి. నమూనాగా 5 కిలోలు కొరియర్లో తెప్పించినా ఇది తప్పదు. అమ్మ ఇంట్లో చేసి ప్రేమగా పంపే సున్నుండల డబ్బాకు మాత్రం అక్కర్లేదు. ఇంట్లో తయారై వ్యక్తిగత కానుకగా వచ్చేదానికి మినహాయింపు ఉంది.

మొదటిసారి 20, 30 పెట్టెలకు మించి తేవద్దు. లేబుల్ ప్రింటుకు ఇచ్చేముందు తుది డిజైన్‌ను బ్రోకరుకు, వీలైతే లేబుల్ నిబంధనలు తెలిసిన సలహాదారుకు చూపించండి. వేలల్లో పౌచ్‌లు అచ్చయ్యాక దొరికే తప్పుకు ఖరీదు ఎక్కువ.

ఆపేస్తే

సరుకు ఆపినట్టు నోటీసు వస్తే కంగారుపడకుండా ముందు కారణం, జవాబు ఇవ్వాల్సిన చివరి తేదీ చదవండి. లోపం లేబుల్‌కు సంబంధించినదైతే ఎఫ్‌డీఏ 766 నంబరు ఫారంలో ఎలా సరిచేస్తారో రాసి అనుమతి అడగవచ్చు. అనుమతి వచ్చాక గోడౌన్‌లోనే కొత్త స్టిక్కర్లు వేయించి మళ్లీ చూపించాలి. అనుమతి రాకముందే ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకూడదు, కదపకూడదు. సరుకును పూర్తిగా తిరస్కరిస్తే 90 రోజుల్లో వెనక్కి పంపాలి, లేదా ధ్వంసం చేయించాలి.

విడుదలైతే పెట్టెలు నేరుగా స్టోర్లకు పంపకండి. ఒక పెట్టె తెరిచి, మీరు ఖాయం చేసిన డిజైన్‌తో ప్యాకెట్ పోల్చండి, తూకం వేయండి, ఒక గ్లాసు పాలలో కలిపి తాగి చూడండి. ప్రతి బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు గడువు తేదీ దాటేవరకూ పక్కన దాచండి. ఏ బ్యాచ్ ఏ స్టోరుకు వెళ్లిందో తేదీతో సహా రాసిపెట్టండి.